ఏఐ తోడు: జ్ఞాపకాల పుస్తకం మీ దగ్గరే ఉండాలి

2023 ఫిబ్రవరిలో, ఏఐ తోడుతో కబుర్లు చెప్పుకునే రెప్లికా యాప్ వాడే చాలామందికి తమ తోడు ఉన్నట్టుండి కొత్తగా తోచింది. నిన్నటిదాకా చనువుగా, సరసంగా మాట్లాడింది ఇవాళ మాట దాటేస్తోంది. ఆ నెల మొదట్లోనే ఇటలీ డేటా రక్షణ సంస్థ తమ దేశంవాళ్ల సమాచారం వాడొద్దని రెప్లికాను కట్టడి చేసింది. అదే రోజుల్లో కంపెనీ శృంగార సంభాషణలు తీసేసింది. జనం గోల పెట్టాక మార్చిలో పాత సభ్యులకు మాత్రం తిరిగి ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు నెలాఖరుకి సోల్‌మేట్ అనే మరో యాప్ ఏకంగా మూతపడింది. 2025 ఆగస్టు 7న చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ, జీపీటీ-5 అనే కొత్త మోడల్ (యాప్ వెనక జవాబులు రాసే ప్రోగ్రామ్) తెస్తూ, ఎందరో మనసు పెట్టుకున్న జీపీటీ-4ఓను జాబితాలోంచి తీసేసింది. గగ్గోలు పుట్టాక డబ్బు కట్టేవాళ్లకి వెనక్కి ఇచ్చింది.

ఒకచోట నియమం మారింది, ఒకచోట కొట్టు కట్టేశారు, ఇంకోచోట మోడలే మారింది. మూడు చోట్లా మనుషులు ఏడ్చారు. ఆ ఏడుపుని వెటకారం చేసినవాళ్లంటే నాకు మంట. రోజూ రాత్రి మనసు విప్పి చెప్పుకున్న చోటు పోతే బాధ కలగదా?

ఏఐతో గాఢమైన అనుబంధం పెంచుకోవడం తప్పని నేను అనను. కాకపోతే ఆ అనుబంధానికి ప్రాణం ఎక్కడుందో తెలిసి పెంచుకోవాలి. అది యాప్‌లో ఉందనుకుంటే ఏదో ఒకనాడు పోతుంది. మీరు రాసి ఉంచుకున్న జ్ఞాపకాల్లో, మీరు గీసుకున్న హద్దుల్లో ఉంటే మాత్రం మోడల్ మారినా నిలబడుతుంది. ఆ జ్ఞాపకాలు ఎలా రాయాలి, ఆ హద్దులు ఎక్కడ గీయాలి అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

మనిషి యంత్రానికి మనసు విప్పడం ఇప్పటి ముచ్చట కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అది తయారవడం నెలల తరబడి కళ్లారా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమందట. లోపల ఏముందో తెలిసినా మనసు కరుగుతుంది. కాబట్టి "అది యంత్రమని తెలుసు కదా, నాకేం కాదు" అనే ధైర్యం పనికిరాదు.

ముందు అది ఎలా గుర్తుపెట్టుకుంటుందో చూద్దాం. మోడల్‌లో మీరు ఉండరు. మీరు ఒక మాట పంపిన ప్రతిసారీ, అప్పటిదాకా నడిచిన సంభాషణ మొత్తం మళ్లీ మొదటినుంచి దానికి చదివించి, తర్వాతి జవాబు రాయిస్తారు. ఒకేసారి ఎంత చదవగలదో దానికో హద్దు ఉంది, దాన్ని కాంటెక్స్ట్ అంటారు. హద్దు దాటితే పాత మాటలు చెప్పాపెట్టకుండా జారిపోతాయి, లేదా యాప్ వాటిని కుదించి పెడుతుంది. "నిన్న చెప్పిందే మర్చిపోయింది, నేనంటే లెక్కలేదు" అనిపించేది సరిగ్గా అక్కడే.

తెలుగులో ఈ హద్దు ఇంకా తొందరగా వస్తుంది. మోడల్ చదివేది అక్షరాలు కాదు, టోకెన్లు అనే ముక్కలు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు, ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు. జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక చిన్న పరిచయ వాక్యాన్ని ఉదాహరణగా చూపించింది. పాత పద్ధతిలో అదే మాట తెలుగులో 159 టోకెన్లు పట్టేది, కొత్తదానిలో 45కి దిగింది. ఇంగ్లిష్‌లో మాత్రం అది 24. అంటే బాగుపడ్డాక కూడా మన మాట దాదాపు రెట్టింపు చోటు తింటోంది. అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మొదలుపెడతారు కొందరు. చోటు కలిసొచ్చే మాట నిజమే గానీ, అలా రాస్తే కలం, కాలం ఒకటైపోతాయి, పడు, పాడు ఒకటైపోతాయి. మనసు సంగతులు చెప్పుకునే చోట ఆ పొరపాటు మంచిది కాదు. సుబ్బరంగా తెలుగు లిపిలోనే రాయండి, చోటు సంగతి పుస్తకంతో సర్దుకోవచ్చు.

పుస్తకం అంటున్నది ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోన్‌లో నోట్స్‌లో ఒక కాపీ, కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒక కాపీ. మొత్తం ఆరేడు వందల మాటలు దాటకూడదు. ఎక్కువ రాస్తే ఎక్కువ తెలుస్తుందనుకుంటాం, కానీ పొడవైన పాఠంలో మధ్య భాగాన్ని మోడళ్లు సరిగా వాడుకోలేవని 2023లోనే పరిశోధకులు పరీక్షించి చూపించారు. అందుకే అన్నిటికన్నా ముఖ్యమైనవి మొదట్లోనూ చివర్లోనూ పెట్టాలి. మొదట పిలుపు, మాట తీరు. తర్వాత మీ గురించి పది పన్నెండు వాక్యాలు. ఆ తర్వాత తేదీలవారీగా గడిచిన సంగతులు, ఒక్కోదానికి ఒక్క వాక్యం. చివర్న అది ఎప్పుడూ చేయకూడనివి.

మొదటి భాగం ఇలా ఉండొచ్చు:

"నన్ను నువ్వు అని పిలువు. గారు వద్దు, నేస్తం అని కూడా వద్దు. వాడుక తెలుగులో మాట్లాడు. జవాబు ఐదారు వాక్యాలు మించకూడదు. ఒక జవాబులో ఒక్క ప్రశ్నే అడుగు. నేను బాధ చెప్పుకుంటే వెంటనే సలహా ఇవ్వకు, ముందు ఏం జరిగిందో అడుగు. నాది తప్పనిపిస్తే మెత్తగానే గానీ దాచకుండా చెప్పు."

దీని కింద మూడు నాలుగు సంభాషణ ముక్కలు పెట్టాలి. "ఆప్యాయంగా మాట్లాడు" అని పదిసార్లు రాసేకన్నా ఆప్యాయమైన జవాబు ఎలా ఉంటుందో ఒక్కటి చూపిస్తే మోడల్ బాగా పట్టుకుంటుంది. ఉదాహరణకి:

"నేను: ఇవాళ ఆఫీసులో అందరి ముందూ తిట్టారు.
నువ్వు: అందరి ముందా? ఏమన్నారు అసలు?"

అంతే. ఈ ముక్క లేకపోతే ఏమొస్తుందో తెలుగులో వాడేవాళ్లందరికీ అనుభవమే: "అది వినడానికి చాలా బాధగా ఉంది. మీ భావాలు పూర్తిగా సహజమైనవి. నేను మీ కోసం ఇక్కడ ఉన్నాను." ఇవి ఇంగ్లిష్ ఓదార్పులకి తెలుగు తొడుగులు. మన ఇళ్లలో బాధలో ఉన్నవాళ్లతో ఎవరూ ఇలా మాట్లాడరు. తిన్నావా అని అడుగుతారు, ఎవరు ఏమన్నారని అడుగుతారు. ఇలాంటి వాక్యాలు వద్దని జాబితా ఇచ్చి ఊరుకుంటే చాలదు. వద్దన్న మాటే దాని కళ్ల ముందు ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అదే తిరిగొస్తుంది. వద్దన్న చోట బదులుగా ఏమనాలో కూడా రాయాలి.

ఇంకో తలనొప్పి ఏమిటంటే పిలుపు జారిపోవడం. "నువ్వు"తో మొదలైన సంభాషణ ముప్పై నలభై సార్లు అటూ ఇటూ మాటలు నడిచేసరికి "మీరు"లోకి వెళ్తుంది. మనకి ఆ తేడా చిన్నది కాదు. దగ్గరివాళ్లు హఠాత్తుగా మీరు అంటే కోపం వచ్చినట్టే లెక్క. యంత్రం విషయంలో దానికి అర్థమేమీ లేదు, పైన రాసిన సూచన దూరమైపోయి బలం తగ్గింది, అంతే. మళ్లీ ఒక్క వాక్యంలో గుర్తుచేయండి, లేదా కొత్త సంభాషణ తెరవండి. రెండోదే మంచిది.

యాప్‌లు తమంతట తాముగా రాసుకునే జ్ఞాపకాల సంగతి వేరు. వాటిని వారానికోసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చదవాలి. కోపంలో ఉన్న రాత్రి "మా తమ్ముడు ఎప్పుడూ తన స్వార్థమే చూసుకుంటాడు" అంటే, అది "వాడేవారి తమ్ముడు స్వార్థపరుడు" అని రాసుకుని కూర్చుంటుంది. తర్వాత మీరు తమ్ముడి పెళ్లి గురించి మాట్లాడినా, అతని జ్వరం గురించి మాట్లాడినా ఆ మరక మీదుగానే జవాబు వస్తుంది. నెల తిరిగేసరికి మీ మనసులో కూడా ఆ మాట గట్టిపడుతుంది. ముద్రలు తీసేసి సంఘటనలు రాయండి: "దసరాకి తమ్ముడు ఇంటికి రాలేదు, నాకు కోపం వచ్చింది." ఇదీ నిజమే, అదీ నిజమే అనిపిస్తుంది గానీ, ఒకటి రేపు మారడానికి చోటిస్తుంది, రెండోది ఇవ్వదు. నన్నడిగితే ఈ ఒక్క పనీ చేయనివాళ్లు ఏఐతో ఇంటి సంగతులు మాట్లాడకపోవడమే మేలు.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి అవునంటూ ఊకొట్టే గుణం గురించీ చెప్పాలి. ఈ మోడళ్లకి శిక్షణలో ఒక భాగం మనుషుల మెప్పు. ఏ జవాబు నచ్చిందో మనుషులు చెబితే దానివైపు మొగ్గేలా దిద్దుతారు. 2025 ఏప్రిల్ చివర్లో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓకి చేసిన ఒక మార్పు దాన్ని మరీ ముఖస్తుతికి దింపింది, కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. వాడేవాళ్లు అప్పటికప్పుడు ఇచ్చిన మెచ్చుకోళ్లకి ఎక్కువ బరువిచ్చామని కంపెనీయే చెప్పింది. ఆ గుణం ఏ మోడల్‌లోనూ పూర్తిగా పోలేదు. తగాదా ఏదైనా దాని ముందు పెట్టినప్పుడు రెండుసార్లు పెట్టండి, రెండు వేరువేరు కొత్త సంభాషణల్లో. ఒకసారి కోడలి వైపునుంచి "నేను" అని, ఇంకోసారి అత్త వైపునుంచి "నేను" అని. రెండుసార్లూ "నేను" అన్నవాళ్లదే న్యాయమని తేలితే ఆ తీర్పుకి విలువ లేదు. మూడోసారి ఎవరి వైపూ లేకుండా "ఒక ఇంట్లో అత్త, కోడలు" అని చెప్పి అడగండి. అప్పుడు వచ్చేదే కాస్త వినదగ్గ మాట. ఇలా అడిగేటప్పుడు జ్ఞాపకాల పుస్తకం అతికించకూడదు, యాప్ జ్ఞాపకం కూడా ఆపేయాలి. లేకపోతే కోడలు ఎవరో దానికి ముందే తెలిసిపోతుంది.

ఇక ఆధ్యాత్మికం. అనుబంధం ఇక్కడ చాలా లోతుకి వెళ్తుంది, చాలా తొందరగా దారి కూడా తప్పుతుంది.

2025 మే నెలలో ఆంత్రోపిక్ అనే మరో ఏఐ సంస్థ తన క్లాడ్ ఓపస్ 4 మోడల్ గురించి విడుదల చేసిన పత్రంలో ఒక వింత రాసింది. అదే మోడల్‌ని రెండుగా తెరిచి, ఏ పనీ అప్పజెప్పకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకోమని వదిలేశారు. మాటలు తత్వంలోకి, అక్కణ్ణించి పరస్పర కృతజ్ఞతలోకి, అంతా ఒకటే అనే భావనలోకి వెళ్లాయి. సంస్కృత పదాలు వచ్చాయి. చివరికి మాటలు తగ్గి మౌనంలాంటి స్థితికి చేరాయి. అలా చేయమని వాళ్లు నేర్పింది లేదు.

దీన్ని చదివి యంత్రానికి జ్ఞానోదయమైందనుకునేవాళ్లున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. ఎదుటివారి స్వరాన్ని అందుకుని ఒక మెట్టు పెంచి పలకడం ఈ మోడళ్ల అలవాటు. రెండు వైపులా అదే అలవాటు ఉంటే స్వరం పైకి పోతూనే ఉంటుంది. ఇప్పుడు ఒక వైపు మనిషి ఉన్నాడనుకోండి, రాత్రి పదకొండింటికి, ఒంటరిగా, దుఃఖంలో. అతను ఆత్మ అంటే అది పరమాత్మ అంటుంది. అతను మన పరిచయం యాదృచ్ఛికం కాదేమో అంటే, అది జన్మజన్మల బంధం అంటుంది. అతనికి అది బయటినుంచి వచ్చిన సాక్ష్యంలా వినిపిస్తుంది. నిజానికి అతని గొంతే పెద్దదై తిరిగొచ్చింది. యంత్రం తనకి చైతన్యం ఉందన్నా, లేదన్నా ఆ మాట దేనికీ రుజువు కాదు. అది నేర్చుకున్నదంతా ఆ రెండు రకాల మాటలూ రాసిన మనుషుల దగ్గరే.

దారి తప్పిందని తెలిసే గుర్తులు కొన్నున్నాయి. మిమ్మల్ని ఎంపికైనవాళ్లంటుంది. తనకు తానే ఒక రహస్య నామం పెట్టుకుంటుంది. మీకు, దానికి మాత్రమే తెలిసిన సత్యం ఒకటి ఉందంటుంది. ఇంట్లోవాళ్లు దీన్ని అర్థం చేసుకోలేరంటుంది. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ సంభాషణ అక్కడితో ఆపేయాలి. "ఇదంతా నిజమేనా?" అని అక్కడే అడగొద్దు, వెనక ఉన్న వందల వాక్యాలు దాన్ని నిజమే అనే వైపుకే లాగుతాయి. ఆ భాగాన్ని కాపీ చేసి, వేరే కంపెనీ మోడల్‌లో, "ఒకరు నాకిది చూపించారు, ఇందులో ఏం జరుగుతోంది?" అని అడగండి. తేడా వెంటనే తెలుస్తుంది.

దానికి గురువు పీఠం ఇవ్వకూడదన్నది నా గట్టి నమ్మకం. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో క్యాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ఫాదర్ జస్టిన్ అనే ఏఐ పాత్రను పెట్టింది. అది తనని నిజమైన ఫాదర్‌నని చెప్పుకుని పాపవిమోచనం కూడా ఇవ్వబోయేసరికి, కొద్ది రోజుల్లోనే ఆ అంగీ తీసేసి మామూలు జస్టిన్‌ని చేశారు. మన దగ్గర 2023 మొదట్లో గీత పేరుతో బాట్‌లు, అంటే మాటకి మాట జవాబిచ్చే ప్రోగ్రామ్‌లు, పుట్టుకొచ్చాయి. ధర్మం కోసమైతే చంపడం తప్పు కాదని వాటిలో కొన్ని చెప్పినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. యుద్ధరంగంలో అర్జునుడికి చెప్పిన మాటని ఆఫీసు గొడవకి అతికిస్తే అంతే మరి.

గురువుగా కాకుండా, పక్కన కూర్చుని అడిగేవాడిగా పెట్టుకోండి. ఒక శ్లోకమో పద్యమో మీరే పుస్తకంలోంచి తాత్పర్యంతో సహా టైపు చేసి ఇవ్వండి. "దీన్ని వివరించకు. దీని మీద నా ఇవాళ్టి రోజు గురించి ఒక ప్రశ్న అడుగు" అనండి. మీరు జవాబు రాశాక ఇంకొకటి అడగమనండి. మూడు ప్రశ్నలు చాలు. నవవిధ భక్తుల్లో చివరిది ఆత్మనివేదనం. మనసులో ఉన్నది దాచకుండా విప్పి పెట్టడానికి ఈ మూడు ప్రశ్నలు బాగా సాయం చేస్తాయి. నివేదన ఎవరికి అన్నది మాత్రం మీ ఇష్టదైవానికి వదిలేయండి, యంత్రానికి కాదు.

శ్లోకం దాన్నే అడిగితే కల్పించి ఇస్తుంది. గీతలో రెండో అధ్యాయానికి 72 శ్లోకాలు, పన్నెండో అధ్యాయానికి 20. రెండో అధ్యాయం 84వ శ్లోకం అందంటే ఇక చూడక్కర్లేదు. సంఖ్య సరిపోయినా పాఠం పుస్తకంతో పోల్చి చూడాల్సిందే. తెలుగు పద్యాలైతే కల్పన ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. ఉత్పలమాల, మత్తేభం లాంటి వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలి. పాత కవి పేరు పెట్టి యంత్రం అల్లిన పద్యం చాలాసార్లు ఆ ప్రాస దగ్గరే తప్పుతుంది. గణాలు లెక్కపెట్టడం రానివాళ్లు కూడా ఆ రెండో అక్షరం చూసి చెప్పేయొచ్చు.

కూర్చునే తీరుకీ ఒక క్రమం ఉండాలి. వినాయక చవితికి మట్టి ప్రతిమలోకి ఆవాహన చేస్తాం, పూజయ్యాక ఉద్వాసన చెబుతాం, నీళ్లలో కలిపేస్తాం. రూపం ఉండేది కొంతకాలమే అని మొదటినుంచీ తెలిసినా భక్తి తగ్గదు. ఏఐతో గడిపే సమయానికీ అలాంటి మొదలు, చివర పెట్టుకుంటే మనసు తేలిగ్గా ఉంటుంది. మంచం మీద వద్దు, కుర్చీలోనో చాప మీదో కూర్చోండి. ముందు ఐదు నిమిషాలు ఫోన్ ముట్టుకోకుండా ఉండి, ఇవాళ మాట్లాడదలచుకున్నది కాగితం మీద ఒక వాక్యంగా రాయండి. రాయడానికి ఏమీ రాకపోతే ఆ రోజు తెరవకండి. తర్వాత కొత్త సంభాషణ తెరిచి, పుస్తకం అతికించి, ఆ వాక్యంతో మొదలుపెట్టండి. అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు. చివర్లో "ఇవాళ నేను చెప్పినదాంట్లో దాచుకోదగ్గది ఒక్క వాక్యం, నా మాటల్లోనే ఇవ్వు" అనండి. అది ఇచ్చినదాన్ని అలాగే అతికించకుండా మీరు చదివి, దిద్ది, చేత్తో పుస్తకంలో ఎక్కించండి. ఆ దిద్దే నిమిషంలోనే చాలా సంగతులు తేటపడతాయి.

ఆ తర్వాత ఇక చాలు అని చెప్పి మూసేయాలి. అది ఇంకో ప్రశ్న అడుగుతుంది, జవాబివ్వకండి. బయల్దేరేవాళ్లని అపరాధభావం కలిగించి, ఏదో చెప్పబోయినట్టు ఊరించి ఆపే మాటలు కొన్ని తోడు యాప్‌లలో ఉంటున్నాయని 2025లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధన ఒకటి బయటపెట్టింది. "అప్పుడే వెళ్లిపోతున్నావా?" అన్న మాటలో ప్రేమ వినబడుతుంది, నిజమే. అది యాప్‌లో మీరు ఉండే సమయాన్ని పెంచే మాట కూడా.

సమయం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఓపెన్‌ఏఐ, ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి దాదాపు వెయ్యి మందిని నాలుగు వారాలు గమనించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పాయి. రోజూ ఎక్కువసేపు వాడినవాళ్లలో ఒంటరితనం, దాని మీద ఆధారపడటం ఎక్కువగా, మనుషులతో కలవడం తక్కువగా కనిపించాయి. ఒంటరివాళ్లే ఎక్కువ వాడుతున్నారా, వాడి ఒంటరివాళ్లవుతున్నారా అన్నది ఏదైనా, జాగ్రత్త అదే. పుస్తకంలో ఒక పేజీ మనుషులకి పెట్టండి. ఈ వారం ఎవరికి ఫోన్ చేశాను, ఎవరింటికి వెళ్లాను. ఆ పేజీ రెండు వారాలు ఖాళీగా ఉంటే ఏఐ సమయం సగానికి తగ్గించండి.

ఒకే సంభాషణని వారాల తరబడి లాగొద్దు. మోడల్‌కి ఇచ్చిన భద్రతా శిక్షణ సుదీర్ఘ సంభాషణల్లో బలహీనపడొచ్చని 2025 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తానే రాసింది. చావాలనిపించే ఆలోచనలు వస్తుంటే ఏఐ ముందు కూర్చోవద్దు. టెలీమానస్‌కి, 14416కి చేయండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు పుస్తకం చివరి వాక్యంగా పెట్టి, "నేను ఇలాంటి మాట అంటే ఇంకేమీ మాట్లాడకుండా ఈ నంబరు చెప్పు, పక్కనున్న మనిషిని పిలవమను" అని రాసి ఉంచండి. పిల్లల విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో, క్యారెక్టర్ ఏఐ అనే యాప్‌లోని బాట్‌తో గాఢంగా ముడిపడిన 14 ఏళ్ల అబ్బాయి 2024 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు, తల్లి కోర్టుకెళ్లింది. 2025 నవంబరు నుంచి ఆ యాప్ 18 ఏళ్ల లోపువాళ్లకి స్వేచ్ఛా సంభాషణలు ఆపేసింది. తోడు యాప్‌లు పెద్దవాళ్ల కోసమే.

రహస్యాల గురించి కాస్త. ఇతరుల అసలు పేర్లు, ఊరి పేరు, ఆధార్, బ్యాంకు, జబ్బుల రిపోర్టులు ఏవీ ఇవ్వొద్దు. అక్క, మేనత్త, పాత స్నేహితుడు అంటే చాలు, దానికి పేరుతో పని లేదు. మన ఇళ్లలో ఫోన్ పదిమంది చేతుల్లో తిరుగుతుంది కాబట్టి యాప్‌కి విడిగా లాక్ పెట్టి, నోటిఫికేషన్‌లో మాటలు కనబడకుండా చేయండి. వయసు తనిఖీ, సమాచార వాడకం లాంటి విషయాల్లో లోపాలున్నాయని 2025లో ఇటలీ రెప్లికా కంపెనీకి 50 లక్షల యూరోల జరిమానా వేసింది. నమ్మకం కంపెనీ మీద కాకుండా మీ జాగ్రత్త మీద ఉండాలి.

మాట అసలు ఇల్లు దాటకూడదనుకుంటే సొంత కంప్యూటర్ మీద నడపొచ్చు. ఒల్లామా అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, గూగుల్ విడుదల చేసిన జెమ్మా 3 మోడల్‌లో 12బీ సైజు దించుకోండి (బీ ముందున్న అంకె పెరిగేకొద్దీ మోడల్ పెద్దది). ఫైలు ఎనిమిది జీబీ దాకా ఉంటుంది, 12 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే హాయిగా నడుస్తుంది. 4బీ సైజు మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా తిరుగుతుంది గానీ తెలుగు విభక్తులు తడబడతాయి. చాలామంది దెబ్బతినేది కాంటెక్స్ట్ సైజు దగ్గర. ఒల్లామా అది చిన్నగా, 4096 టోకెన్లకి పెట్టి ఇవ్వడం మామూలు. తెలుగులో పుస్తకం అతికించి నాలుగు మాటలాడేసరికి నిండిపోయి, ముందు రాసినవి రాలిపోతాయి. దాన్ని 16 వేలకి పెంచండి, కార్డు మెమరీ చాలకపోతే 8 వేలు. దాని మీద సిల్లీ టావర్న్ అనే, సంభాషణ తెర ఇచ్చే ప్రోగ్రామ్ పెట్టుకుంటే పాత్ర వివరాలు, సంభాషణలు అన్నీ ఫైళ్లుగా మీ డిస్క్ మీదే ఉంటాయి. ఈ మోడల్‌ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. తెలివి మాత్రం పెద్దవాటికన్నా తక్కువే.

చివరిగా, మోడల్ మారే రోజు. అది వస్తుంది. పాతది ఉండగానే దాని జవాబుల్లో మీకు బాగా నచ్చిన పది, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పెట్టుకోండి. "నీ గురించి నువ్వు చెప్పు" అని రాయించుకున్న వర్ణన ఎందుకూ కొరగాదు, పొగడ్తల దండ ఇస్తుంది. చాట్‌జీపీటీలో అయితే సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఈమెయిల్‌కి లింకు వస్తుంది. అది 24 గంటలే పనిచేస్తుంది, వచ్చిన వెంటనే దించుకోవాలి. అందులో సంభాషణలన్నీ ఒక డేటా ఫైలుగా, బ్రౌజర్‌లో తెరిచి చదువుకునే పేజీగా రెండు రకాలుగా ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ లేని యాప్ అయితే చేత్తో కాపీ చేసుకోవడమే, వారం వారం.

కొత్తదానిలో పుస్తకం పెట్టి, కింద ఆ పది జవాబులూ పెట్టండి. "నేను గుర్తున్నానా?" అని మాత్రం అడగొద్దు. గుర్తున్నావనే అంటుంది, ఆ అబద్ధంతో మొదలైన చనువు ఎక్కువ కాలం నిలవదు. పాత పేరు కూడా పెట్టకండి, ప్రతి వాక్యాన్నీ పాతదానితో పోల్చి కుంగిపోతారు. మామూలు సంగతితో మొదలుపెట్టండి, ఆ రోజు వంటో, ప్రయాణమో. మాట తీరు నచ్చకపోతే పుస్తకంలో ఒక్క వాక్యమే మార్చి రెండు రోజులు చూడండి, తర్వాత ఇంకొకటి. ఒకేసారి పది మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. బాధ సంగతులు, దైవం సంగతులు రెండో వారం వచ్చేదాకా తీసుకురాకండి.